స్టెరాయిడ్ బిళ్ల ఎప్పుడు, మిగతావి ఎప్పుడు? కీళ్లవాతం మందుల వేళలపై అపోహలు - వాస్తవాలు

గుంటూరు కొత్తపేటలోనో, విజయవాడ సూర్యారావుపేటలోనో డాక్టరుకు చూపించుకుని బయటికొచ్చే కీళ్లవాతం రోగి సంచిలో ఒక్కోసారి ఏడెనిమిది రకాల బిళ్లలుంటాయి. చీటీ మీద 1-0-0, 1-0-1 అని ఉంటుంది గానీ టిఫిన్‌కి ముందా తర్వాతా, దేనితో కలపొచ్చు, దేనికి దూరం పెట్టాలి అన్నది చాలాసార్లు ఉండదు. ఆ ఖాళీని పక్కింటివాళ్లు, వాట్సాప్ నింపేస్తారు. ఈ మందుల్లో వేళ అటూఇటూ కాకూడనిది ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్. ముందు దాని వేళ ఖాయం చేసుకుని, మిగతావి దాని చుట్టూ సర్దుకోవాలి.

అపోహ: కీళ్లు తెల్లారేసరికి బిగుసుకుపోతాయి కాబట్టి స్టెరాయిడ్ రాత్రి వేసుకుంటేనే మేలు.

వాస్తవం: సగం నిజం ఉంది కాబట్టే ఈ మాట ఇంత బలంగా నిలిచింది. వాపును పెంచే ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి రసాయనాలు తెల్లవారుజామున పెరుగుతాయి, పొద్దున్నే వేళ్లు ముడుచుకోలేకపోవడం అందువల్లే. అయితే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్, అంటే కార్టిసాల్, కూడా ఉదయం 6-8 గంటల మధ్యే ఎక్కువగా ఉంటుంది, అర్ధరాత్రికి అడుగంటుతుంది. ఉదయం బిళ్ల వేస్తే ఆ సహజమైన లయతో కలిసిపోతుంది. రాత్రి వేస్తే తెల్లవారుజామున కార్టిసాల్ తయారు చేయమని మెదడు పంపే కబురు ఆగిపోతుంది, దాన్ని తయారుచేసే అడ్రినల్ గ్రంథులు (కిడ్నీల పైన ఉంటాయి) త్వరగా బద్ధకిస్తాయి. పైగా నిద్ర పట్టదు.

ప్రెడ్నిసోలోన్ వేసుకున్న గంట, రెండు గంటల్లో రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరుతుంది. దాని పని మాత్రం 12 నుంచి 36 గంటల దాకా నిలుస్తుంది. అందుకే చాలామందికి రోజుకు ఒక్కసారి, ఉదయం 8 లోపు, టిఫిన్ తిన్న వెంటనే వేసుకుంటే సరిపోతుంది. రాత్రి 10కి వేసుకుంటే దాదాపు నాలుగు గంటల తర్వాత కడుపులో విడుదలయ్యే ప్రత్యేకమైన బిళ్లను విదేశాల్లో తయారుచేశారు. పొద్దుటి బిగుతుకు అది పనికొచ్చింది కూడా. మన షాపుల్లో దొరికే మామూలు బిళ్ల అది కాదు, రాత్రి వేసుకున్నంత మాత్రాన అలా అయిపోదు. డాక్టరే కావాలని రెండు పూటలా రాస్తే అది వేరే సంగతి, అలాగే వాడండి.

అపోహ: స్టెరాయిడ్‌కీ నొప్పి బిళ్లకీ నాలుగు గంటల ఎడం ఇస్తే కడుపుకు ఏమీ కాదు.

వాస్తవం: ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్ లాంటివి కడుపు గోడను తాకినందుకు మాత్రమే పుండు చేయవు. రక్తంలో కలిసి, జీర్ణాశయపు లోపలి పొరను కాపాడే ప్రోస్టాగ్లాండిన్లను తగ్గిస్తాయి. అందుకే నొప్పి ఇంజెక్షన్ చేయించుకున్నా కడుపుకు అదే ముప్పు. స్టెరాయిడ్ పుండును మాననివ్వదు. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి వేసుకున్నా ఒంట్లో రెండూ కలిసే ఉంటాయి.

కాపాడేది ఎడం కాదు, పాంటాప్రజోల్ 40 మిల్లీగ్రాముల లాంటి గ్యాస్ బిళ్ల. అదీ టిఫిన్‌కి అరగంట ముందు. తిన్నాక వేసుకుంటే దాని పనితనం తగ్గుతుంది. నమలకూడదు, పొడి చేయకూడదు, పైపూత పోతే కడుపులోని ఆమ్లమే దాన్ని పాడు చేస్తుంది. డైజీన్, జెలూసిల్ లాంటి గ్యాస్ మందులు దానికి బదులు కావు. పైగా వాటిని ఎక్కువగా తాగితే స్టెరాయిడ్ ఒంటికి పట్టడం తగ్గొచ్చు, రెండు గంటలు ఎడం పెట్టాలి. మలం తారులా నల్లగా వస్తే మర్నాటి దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంకో చిక్కు. డాక్టరు నాప్రోక్సెన్ రాశాక కూడా, నొప్పి ఆగడం లేదని షాపులో ఎసిక్లోఫెనాక్-పారాసెటమాల్ కలిసిన బిళ్ల కొంటారు, జ్వరంగా ఉందని దానిమీద డోలో 650 వేస్తారు. నొప్పి బిళ్లలు రెండయ్యాయి, పారాసెటమాల్ కూడా రెండుసార్లు పడింది. నొప్పి బిళ్లలు ఇలా రెండైతే కడుపుకే కాదు, బీపీకీ కిడ్నీలకూ ముప్పే.

అపోహ: అన్నీ ఒకేసారి గుప్పెట్లో వేసుకుంటే మర్చిపోం, ఎలాగూ కడుపులోకే కదా.

వాస్తవం: కొన్ని కలపొచ్చు, కొన్ని అస్సలు కలపకూడదు. థైరాయిడ్ కూడా ఉన్నవాళ్ల రోజు సుమారు ఇలా ఉంటే బాగుంటుంది. 6 గంటలకు పరగడుపున థైరాయిడ్ బిళ్ల, ఉత్త నీళ్లతో. కాఫీ కనీసం అరగంట ఆగాకే. 7కి పాంటాప్రజోల్. 7:30కి ఇడ్లీయో ఉప్మానో. తిన్న వెంటనే ప్రెడ్నిసోలోన్, దానితోపాటే కీళ్లవాతానికే రాసే హైడ్రాక్సీక్లోరోక్విన్ కూడా. ఈ రెంటికీ ఎడం అక్కర్లేదు, అది అనవసరపు భయం. కాల్షియం మధ్యాహ్నం అన్నంలోకి జరిపేయండి. థైరాయిడ్ బిళ్లకీ కాల్షియానికీ నాలుగు గంటలు దూరం కావాలి, ఐరన్ బిళ్ల ఉంటే దానికీ కాల్షియానికీ రెండు గంటలు. కార్బొనేట్ రకం కాల్షియం తిండితోనే బాగా పడుతుంది.

ఎముకల కోసం వారానికొకసారి వేసే ఎలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాములు ఉంటే, ఆ రోజు మొదటిది అదే. నిద్రలేవగానే నిండు గ్లాసు మంచినీళ్లతో మింగి, అరగంట పాటు పడుకోకుండా కూర్చోవాలి లేదా తిరగాలి. పడుకుంటే అన్నవాహికలో ఇరుక్కుని పుండు చేస్తుంది. థైరాయిడ్ బిళ్ల ఆ అరగంట తర్వాతే. పాలతో ప్రెడ్నిసోలోన్ వేసుకోవచ్చు గానీ, థైరాయిడ్ బిళ్లకూ ఎలెండ్రోనేట్‌కూ పాలు పనికిరావు.

అపోహ: పరగడుపున షుగర్ మామూలుగానే ఉంది, అంటే స్టెరాయిడ్ నా షుగర్‌ని ముట్టుకోలేదు.

వాస్తవం: ఉదయం వేసిన ప్రెడ్నిసోలోన్ షుగర్‌ని మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా పెంచి, తెల్లారేసరికి వదిలేస్తుంది. పరగడుపు పరీక్ష ఒక్కటే చేయిస్తే దొరకదు. మధ్యాహ్నం అన్నం తిన్న రెండు గంటలకు చూపించుకోండి. రాత్రి షుగర్ మందు మీరే పెంచుకుంటే తెల్లవారుజామున షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది.

అపోహ: మెథోట్రెక్సేట్ కూడా రోజూ వేసుకునేదే.

వాస్తవం: కీళ్లవాతానికి వారానికి ఒక్కరోజే. రెండు స్ట్రిప్పులనూ కత్తిరించి ఒకే కవర్లో వేస్తే ప్రెడ్నిసోలోన్ 5, మెథోట్రెక్సేట్ 5 తారుమారవుతాయి. రోజూ మెథోట్రెక్సేట్ పడితే నోరంతా పుళ్లు, రక్తకణాలు పడిపోవడం, ప్రాణాపాయం. వారం పేరు కవరు మీద తెలుగులో పెద్దగా రాయించుకోండి. దాన్ని వేరే డబ్బాలో పెట్టండి. ఫోలిక్ యాసిడ్ చెప్పిన రోజునే వేసుకోండి.

అపోహ: ఉపవాసం రోజు మందులన్నీ సాయంత్రానికి జరపొచ్చు.

వాస్తవం: కార్తీక సోమవారం చుక్క చూశాక తింటారు, రంజాన్‌లో ఇఫ్తార్‌కి. స్టెరాయిడ్ అక్కడికి జరిపితే అది రాత్రి మోతాదే. కార్తీక ఉపవాసంలో, అయ్యప్ప దీక్షలో ఉదయం పాలు, అరటిపండు తీసుకుని దాని వేళకే వేసేయండి. రంజాన్‌లో సహరీ భోజనం తర్వాత కుదురుతుంది. షుగర్ మందులు వాడేవాళ్లు మాత్రం నెల మొదలవకముందే డాక్టరుతో వేళలు మార్పించుకోవాలి.

అపోహ: స్టెరాయిడ్ ఏదైతేనేం, మిల్లీగ్రాములు ఒకటే.

వాస్తవం: ప్రెడ్నిసోలోన్ 5 అంటే మిథైల్‌ప్రెడ్నిసోలోన్ 4, డెఫ్లజాకోర్ట్ 6, డెక్సామెథాసోన్ 0.75. షాపులో ‘అదే మందు’ అని ఇంకోటిస్తే ఈ లెక్క చూసుకోండి. పల్లెల్లో పేరులేని పొట్లాల్లో కట్టిచ్చే నొప్పి పొడుల్లో, విడి బిళ్లల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు. రెండ్రోజుల్లో మంత్రం వేసినట్టు నొప్పి పోయిందంటే అనుమానించాల్సిందే.

క్షయ మందులు మొదలైతే కీళ్ల డాక్టరుకు తప్పక చెప్పాలి. రిఫాంపిసిన్ స్టెరాయిడ్‌ని త్వరగా కరిగించేస్తుంది, బిళ్ల అదే ఉన్నా నొప్పి తిరగబెడుతుంది.

అపోహ: ముఖం ఉబ్బింది, ఇవాళ్టి నుంచి మానేస్తా.

వాస్తవం: మూడు వారాలు దాటి వాడాక టక్కున ఆపకూడదు. నిద్రపోయిన అడ్రినల్ గ్రంథి వెంటనే లేవదు. నీరసం, వాంతులు, లేచి నిలబడితే కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం దాకా పోవచ్చు. డాక్టరు చెప్పిన మెట్లలో దించుకుంటూ రావాలి. తిరుపతి వెళ్తున్నా సరే, నాలుగు రోజుల బిళ్లలు అదనంగా పెట్టుకోండి.

పొద్దున మర్చిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు తిండితో వేసుకోవచ్చు, మర్నాడు రెండింతలు వద్దు. జ్వరం వచ్చినప్పుడు మోతాదు ఎంత పెంచాలో డాక్టరు చేత ముందే చీటీలో రాయించుకోండి. వాంతులు ఆగక బిళ్ల నిలవకపోతే ఇంట్లో ఉండిపోకండి, 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే మొదట చెప్పాల్సింది ‘రోజూ స్టెరాయిడ్ వాడుతున్నాను’ అనే. బిళ్లకు బదులుగా హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ అవసరమవుతుంది.