పిల్లలూ, ముందు దాని గిన్నెలో ఏముందో చూడండి

చిన్నీ, బాబీ,

నిన్న రాత్రి మీరిద్దరూ ఒకరి మాటకి ఒకరు అడ్డం పడుతూ ఫోన్లో చెప్పిందంతా విన్నాను. మన కుక్క వీరుడు ఉన్నట్టుండి లేచి, ఎవరో తరుముతున్నట్టు అరుస్తూ వాకిలంతా పరిగెత్తాడని, నీళ్ల తొట్టికి గుద్దుకున్నా ఆగలేదని, పిలిస్తే మీరెవరో తెలియనట్టు చూశాడని, చివరికి పడిపోయి కాళ్లు కొట్టుకున్నాడని, కాసేపటికి ఏమీ ఎరగనట్టు లేచి నీళ్లు తాగాడని. పక్కింటాయన "దానికి పిచ్చి పట్టింది, ఇంక ఇంట్లో ఉంచకూడదు" అన్నాడని చిన్ని వెక్కి వెక్కి ఏడుస్తుంటే నాకు ఇక్కడ నిద్ర పట్టలేదు. అందుకే తెల్లారకముందే లేచి రాస్తున్నాను.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. ఈ రోజు డాక్టరు చూసేదాకా మీరు వాడి దగ్గరికి వెళ్లొద్దు. గేటు వేసి ఉంచి, నీళ్ల గిన్నె నాన్ననే కర్రతో లోపలికి తొయ్యమనండి. వీరుడికి ఏటేటా రేబిస్ టీకా వేయిస్తున్నాం కాబట్టి నాకు చాలా ధైర్యంగానే ఉంది, అయినా ఈ ఒక్క విషయంలో ధైర్యం చెయ్యకూడదు. నేను పశువుల ఆసుపత్రిలో పని చేసే రోజుల్లో ఒకాయన తన వేటకుక్కని తీసుకొచ్చి "గొంతులో ఎముక ఇరుక్కుందండీ, తియ్యండి" అన్నాడు. దాని కింది దవడ వేలాడిపోయి ఉంది, మూతి మూసుకోలేకపోతోంది, చొంగ తీగలా సాగి నేలకి తగులుతోంది. మొరగడం లేదు, కరవడానికి రావడం లేదు, ఒక మూల నిలబడి మన వైపు చూస్తోందంతే. అది ఎముక కాదు, రేబిస్. పిచ్చి కుక్క అంటే మీద పడి కరిచేదే అనుకుంటాం గానీ ఇలా దవడా గొంతూ పడిపోయి నోరెత్తకుండా ఉండే రకం కూడా ఉంది, మనుషులు మోసపోయేది దీని దగ్గరే. ఆయన అప్పటికే ఇంట్లో దాని నోట్లో వేళ్లు పెట్టి వెతికాడట! కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు చేతులు కడిగించి, అప్పటికప్పుడు టీకాలకి పంపించాం. ఆయన బతికాడు. లక్షణాలు మొదలయ్యాక కుక్కకైనా మనిషికైనా దాదాపు మందు లేని జబ్బు అది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక వీరుడి సంగతి. మీరు చెప్పింది వింటుంటే నాకు చదువుకునే రోజుల్లో తెలిసిన ఒక కథ గుర్తొచ్చింది. కథ అంటున్నాను గానీ నిజంగా జరిగిందే, మన దేశంలో కాదు, అమెరికాలోనూ ఇంగ్లండ్‌లోనూ. 1920లలో అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నక్కల వేటకి పెంచే కుక్కలకి ఒక వింత జబ్బు పట్టుకుంది. అప్పటిదాకా బాగానే ఉన్న కుక్క ఒక్కసారిగా కళ్లు పెద్దవి చేసి, లేనిదేదో చూసినట్టు బెదిరిపోయి, అరుస్తూ దిక్కు తెలియకుండా పరిగెత్తేది, చెట్లకీ గోడలకీ గుద్దుకునేది, దొరికిన చీకటి మూలలోకి దూరిపోయేది, కొన్నిటికి ఫిట్స్ కూడా వచ్చేవి. వేట మొదలై కుక్క మంచి ఉత్సాహంలో ఉన్నప్పుడే ఎక్కువగా వచ్చేదట. జనం దాన్ని బెదురు జబ్బు అన్నారు, పరుగు ఫిట్స్ అన్నారు. ఇంగ్లండ్‌లో కూడా ఇలాగే మొదలైంది. సరిగ్గా మీ వీరుడిలాగే!

కారణం ఏమిటంటే తలో మాట. కడుపులో పురుగులన్నారు, చెవిలో పురుగులన్నారు, అంటువ్యాధి అన్నారు, ఆ జాతి రక్తంలోనే పిరికితనం ఉందన్నారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఆ చివరి మాట. నోరు లేని జీవి వొంట్లో ఏదో తేడా చేసి అల్లాడుతుంటే దాని గుణం మీదకి నెట్టేశారు. తిండిలో ఏదో ఉందని అనుమానించినవాళ్లూ ఉన్నారు, ఎందుకంటే బిస్కెట్లు, రొట్టె ఎక్కువ తినే కుక్కలకే ఇది వస్తోంది, మాంసం పెడితే తగ్గుతోంది. కానీ రొట్టెలో ఏముంటుంది, మనమూ తింటున్నాం కదా అని ఎవరూ తేల్చలేకపోయారు.

తేల్చినవాడు ఇంగ్లండ్‌లో సర్ ఎడ్వర్డ్ మెల్లన్‌బీ. ఈయన అంతకు ముందే, మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో, కుక్కపిల్లల మీద ప్రయోగాలు చేసి ఎముకలు వంగిపోయే రికెట్స్ జబ్బు తిండిలో లోపం వల్లే వస్తుందని, కాడ్ చేప కాలేయం నూనెతో తగ్గుతుందని చూపించాడు. అంటే జబ్బు చూడగానే గిన్నె వైపు చూసే అలవాటున్న మనిషి. ఈసారి ఆయన పట్టుకున్నది గోధుమ పిండిని. అప్పుడే ఆడిన పిండి కాస్త పసుపుగా ఉంటుంది, కొన్ని వారాలు నిలవ ఉంచితే తనంతట తనే తెల్లబడి రొట్టె బాగా పొంగుతుంది. అన్ని వారాలు ఆగలేక మిల్లుల్లో నైట్రోజన్ ట్రైక్లోరైడ్ అనే గ్యాస్ పట్టించేవాళ్లు. ఏజీన్ అని దానికి వ్యాపారం పేరు. మెల్లన్‌బీ కొన్ని కుక్కలకి ఈ గ్యాస్ పట్టించిన పిండీ, కొన్నిటికి పట్టించని పిండీ పెట్టాడు. గ్యాస్ పిండి తిన్నవాటికే ఆ వెర్రి పరుగు, ఆ ఫిట్స్ వచ్చాయి. రెండోవాటికి ఏమీ కాలేదు. 1946 డిసెంబరులో దీన్ని ప్రచురించాడు.

ఆ తర్వాత కొన్నేళ్లకే అసలు విషాన్ని కూడా బయటికి తీశారు. పిండిలోని మాంసకృత్తుల్లో మెథియోనిన్ అనేది ఒకటి ఉంటుంది, ఆ గ్యాస్ తగిలితే అది మెథియోనిన్ సల్ఫాక్సిమిన్‌గా మారిపోతుంది. బాబీ, నువ్వు కెమిస్ట్రీ చదువుతున్నావు కాబట్టి నీకు చెబుతున్నాను, మెదడులో పుట్టే అమ్మోనియాని ఎప్పటికప్పుడు గ్లూటమైన్‌గా మార్చేసే ఎంజైమ్ ఒకటుంది, ఈ విషం దాన్ని పని చెయ్యనివ్వదు. అందుకే ఫిట్స్. ఇక మనుషుల సంగతంటావా, ఈ రొట్టె తిని ఎవరికైనా ఇలా అయిందని రుజువు కాలేదు, కుక్కలకి మాత్రం చాలా తొందరగా తగిలేది. అయినా అమెరికాలో 1949లోనే ఆ గ్యాస్ ఆపేశారు, బ్రిటన్‌లో 1950ల మధ్య దాకా పట్టింది. కొన్ని కుక్కలు గోడలకి గుద్దుకోబట్టి కోట్లాది మంది తినే రొట్టె మారింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది, వాటిలో ఎన్నిటిని పిచ్చివని కాల్చేసి ఉంటారో కదా!

అలాగని మీ ఇంట్లో బ్రెడ్ చూసి భయపడకండి, ఆ గ్యాస్ వాడటం ఎప్పుడో మానేశారు. వీరుడికి వచ్చింది అదే అని నేను అనడం లేదు. వాడు కొల్లేరు వైపు నుంచి తెచ్చిన జోనంగి జాతి కుక్క, బాతుల్ని కాసే వంశం, గొయ్యి తవ్వుకుని పడుకోవడం, పొలమంతా తిరగడం వాడికి పుట్టుకతో వచ్చిందే. ఆ తిరుగుళ్లలోనే ఏదో తగిలి ఉంటుందని నా అనుమానం. పురుగుమందు కొట్టిన చేలో నీళ్లు తాగినా ఫిట్స్ వస్తాయి, ఎలకల మందు నాకినా వస్తాయి. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బులో కూడా మొదట కళ్లూ ముక్కూ కారి, తగ్గిందనుకున్నాక ఫిట్స్ మొదలవుతాయి, ఉత్తినే దవడ నమిలినట్టు ఆడిస్తూ ఉంటుంది. చిన్నీ, వీరుడి ముక్కు నుంచి పసుపుగా ఏమైనా కారిందేమో గుర్తు చేసుకో. చెవుల వెనక పిడుదులు ఉన్నాయా, చిగుళ్లు పాలిపోయాయా, ఉచ్చ కాఫీ రంగులో వస్తోందా అన్నది డాక్టరు చూస్తారు, మీరు వాడి నోరు తెరవొద్దు. జ్వరం ఉందేమోనని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ బిళ్ల మాత్రం వెయ్యనివ్వకండి, మనకి మందే గానీ కుక్కకి అది విషమయ్యే ప్రమాదం ఉంది.

మళ్లీ ఫిట్స్ వస్తే గడియారం చూసి ఎంతసేపు ఉందో రాసుకోండి, నాన్నని ఫోన్లో వీడియో తియ్యమనండి. డాక్టరు ముందుకి వెళ్లేసరికి కుక్క మామూలుగా ఉంటుంది, అప్పుడు మాటల్లో ఎంత చెప్పినా సగమే అర్థమవుతుంది.

ఇప్పుడు మీ ఇద్దరికీ ఒక పని. ఒక కాగితం తీసుకుని గత పది రోజులుగా వీరుడు ఏమేం తిన్నాడో రాయండి. మీరు పెట్టింది, అమ్మ పెట్టింది, పక్కింటివాళ్లు గోడ మీద నుంచి వేసింది, కొత్తగా కొన్న బిస్కెట్ ప్యాకెట్ ఏదైనా ఉంటే దాని పేరు, ఏ రోజు ఏ చేలోకి వెళ్లాడో, ఆ చేలో ఎవరైనా మందు కొట్టారేమో అన్నీ. దాచొద్దు బాబీ, నువ్వు నీ చాక్లెట్ పెట్టి ఉంటే అది కూడా రాయి, ఎవరూ తిట్టరు. డాక్టరు దగ్గరికి బయల్దేరేముందు నాకు ఫోన్ చేసి ఆ కాగితం చదివి వినిపించండి, నేను ఫోన్ పక్కనే పెట్టుకుని కూచుంటాను.

మీ తాతయ్య