మీరు ఏటోల్లు బావూ?

టెక్కలిలో పాతపట్నం బస్సెక్కి కూర్చున్నాక పక్క సీట్లో ముసలమ్మ నన్ను రెండు ప్రశ్నలడిగింది. మొదటిది, "ఏ ఊరు బావూ?" రెండోది ఓ పావుగంట ఆగి, గొంతు కాస్త తగ్గించి, "మీరు ఏటోల్లు?" ఈ రెండో ప్రశ్నకి ఊరి పేరు జవాబు కాదని శ్రీకాకుళం జిల్లాలో పెరిగిన ఎవరికైనా తెలుసు. ఇంటిపేరు చెప్పాను. ఆవిడ క్షణంసేపు పైకి చూసి, ఏవో చుట్టరికాలు కలుపుకుని, "ఓహో, అలగా" అని ఒళ్ళో జీడిపిక్కల సంచి సర్దుకుంది. 1931 తర్వాత మన జనగణన పూర్తిగా బయటపెట్టని కులం లెక్కని ఆవిడ రెండు స్టాపుల మధ్య తేల్చేసింది.

పాతపట్నం పెద్ద ఊరేమీ కాదు. నీలమణి దుర్గమ్మ గుడి, నౌపడా నుంచి గుణుపూర్ వెళ్ళే రైలు లైను మీద ఓ స్టేషను, ఓ బజారు. ఊరు దాటితే ఒడిశా, పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, పాతపట్నం ఇటు ఉండిపోయింది. భాషను చూసి గీత గీశామనే గీసినవాళ్ళు చెప్పారు. బజార్లో కిరాణా కొట్టు ముందు అయిదు నిమిషాలు నిలబడితే ఆ గీత ఎక్కడుందో కనిపించదు. తెలుగులో మొదలైన బేరం ఒడియాలో కుదిరి, చిల్లర దగ్గర మళ్ళీ తెలుగులోకి వస్తుంది. సంత రోజైతే కొండల మీంచి దిగిన సవర గిరిజన ఆడవాళ్ళు చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకుల కట్టలు ముందు పెట్టుకుని కూర్చుంటారు. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునేది ఈ రెండు భాషల్లో ఏదీ కాదు. ఇక కాళింగులు, తూర్పు కాపులు, వెలమలు, శ్రీశయనులు, దేవాంగులు, వైశ్యులు, మాలలు, రెల్లి వాళ్ళు, జాతాపులు, ముస్లింలు, ఒడియా ఇళ్ళు... ఈ ప్రాంతంలో ఉన్నవాళ్ళందరి పేర్లూ రాస్తే పేజీ నిండిపోతుంది.

వీళ్ళంతా ఒకే జాతా, వేర్వేరు జాతులా? అడగడం తేలికే. చిక్కంతా "జాతి" అన్న మాటతోనే వచ్చింది. తెలుగు జాతి అంటాం, గిరిజన జాతి అంటాం, మానవ జాతి అంటాం. ఒంగోలు జాతి ఎద్దు కూడా జాతే. పరాయి దేశాల జనాభా పట్టికల్లో తెల్లవారు, నల్లవారు అని గడులుంటాయి. ఆ గడులకు సరిపోయే సొంత మాట మనకు లేదు. ఉన్న మాట ఎద్దు నుంచి దేశం దాకా అన్నిటికీ సరిపోతోంది.

ఆ గడులను మన మీదా వేయాలని చూసినవాళ్ళు లేకపోలేదు. 1901 జనాభా లెక్కలు నడిపిన హెర్బర్ట్ రిస్లీకి ముక్కులంటే మహా నమ్మకం. ముక్కు వెడల్పుని పొడవుతో భాగించి వందతో హెచ్చవేస్తే వచ్చే అంకె జాతిని చెబుతుందనీ, ముక్కు ఎంత సన్నగా ఉంటే కులం అంత పైన ఉంటుందనీ ఆయన సిద్ధాంతం. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ కూడా కొలిచే పరికరాలు పట్టుకుని దక్షిణాదిలో ముక్కులు, తలలు కొలుచుకుంటూ తిరిగాడు. పాతపట్నం బజార్లో ఈ లెక్క వేయబోతే పది నిమిషాల్లో వదిలేయాల్సి వస్తుంది. ఒక్క ఇంట్లోనే అన్నదమ్ముల ముక్కులు రెండు రకాలు.

కంటికి కనిపించే ఒంటి రంగు, ముక్కు తీరు మన మొత్తం డీఎన్‌ఏలో చాలా చిన్న భాగం. ఏ ఇద్దరు మనుషుల్ని తీసుకున్నా డీఎన్‌ఏ దాదాపు 99.9 శాతం ఒకటే. మిగిలిన ఆ కొంచెం తేడా ఎక్కడుందో 1972లో రిచర్డ్ లెవాంటిన్ అనే జన్యుశాస్త్రవేత్త లెక్కగట్టాడు. రమారమి 85 శాతం తేడా ఒక్కో జనసమూహం లోపలే ఉంది. జాతులని పిలిచే పెద్ద గుంపుల మధ్య ఉన్నది 6 శాతం చిల్లర. అంటే తేడాలో సింహభాగం ఒక వీధిలోనే దొరుకుతుంది.

మన సంగతి ప్రత్యేకంగా తేల్చింది హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ. లాల్జీ సింగ్, తంగరాజ్‌లు హార్వర్డ్ వాళ్ళతో కలిసి 2009లో 25 సమూహాలకు చెందిన 132 మంది డీఎన్‌ఏ చూశారు. తేలిందేమిటంటే, మనలో దాదాపు అందరూ రెండు పాత జనాల కలగలుపే. ఒకరు పశ్చిమాసియా, మధ్యాసియా, యూరప్ జనాలకు దగ్గరివాళ్ళు. రెండోవారికి ఈ ఉపఖండం బయట దగ్గరి చుట్టాలెవరూ లేరు. కులాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి పాళ్ళు మారతాయి తప్ప, అచ్చంగా ఒకటే ఉన్న కులమంటూ లేదు. 2019లో పాత ఎముకల నుంచి తీసిన డీఎన్‌ఏ కూడా చేరాక ఈ రెండూ మూడుగా విడిపోయాయి: ఇక్కడి పాత వేటగాళ్ళు, ఇరాన్ వైపు జనంతో చుట్టరికం ఉన్నవాళ్ళు, ఉత్తరాన గడ్డి మైదానాల నుంచి వచ్చిన పశువుల కాపరులు. పులుసులో ఉప్పు, పులుపు, కారం అందరిళ్ళలోనూ పడతాయి, పాళ్ళే వేరు.

సవరల కథలో మాత్రం నాలుగో దినుసు ఉంది. నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది ఇదే. వాళ్ళ భాష ద్రావిడం కాదు, ఒడియాకి చుట్టమూ కాదు. అది ముండా భాష. దాని బంధువులు ఛోటానాగపూర్ నుంచి మేఘాలయ మీదుగా కంబోడియా, వియత్నాం దాకా ఉన్నారు. కన్నుని సంతాలీలో "మెత్" అంటారు, మేఘాలయ ఖాసీలో "ఖ్మత్" అంటారు, వియత్నాంలో "మత్" అంటారు. ముండా భాషలు మాట్లాడేవారి డీఎన్‌ఏ కూడా ఇదే దారి చూపిస్తుంది, అయితే సగమే. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే వై క్రోమోజోమ్‌లో ఆగ్నేయాసియా గుర్తు బాగా కనిపిస్తుంది. తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ మాత్రం దాదాపుగా ఇక్కడిదే. వేల ఏళ్ళ కిందట తూర్పు నుంచి ఎక్కువగా మగవాళ్ళు వచ్చి, ఇక్కడి ఆడవాళ్ళతో కాపురం పెట్టారన్నమాట. పిల్లలకి భాష మాత్రం తండ్రులదే వచ్చింది.

ఆ భాషని మనకి దగ్గర చేసినవాడు గిడుగు రామమూర్తి. వ్యవహారిక భాషా ఉద్యమం వల్ల ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర నేర్చుకుని, వ్యాకరణం, నిఘంటువు రాశాడన్నది చాలామంది మర్చిపోతారు. సవర లెక్కల్లో ఓ తమాషా ఉంది. పదమూడు అంటే "పది మీద మూడు" కాదు, "పన్నెండు మీద ఒకటి". ఇరవై దాటాక ఇరవైల చొప్పున లెక్క. నేను చెప్పిన కిరాణా కొట్టాయనకి ఇది నోటికి వచ్చు. రాకపోతే సంతరోజు బేరం సాగదని ఆయన మాట.

భాష, రక్తం జోడెడ్లలా కలిసే నడుస్తాయని అనుకుంటే మాత్రం పొరపాటు. జాతాపులు ఖోందులనే గిరిజనుల్లోంచి విడివడినవాళ్ళని చెబుతారు. ఇప్పుడు వాళ్ళు మాట్లాడేది తెలుగు. గదబల సంగతి ఇంకా విచిత్రం. ఆ ఒక్క పేరు కిందే ముండా భాష మాట్లాడేవాళ్ళూ ఉన్నారు, ద్రావిడ భాష మాట్లాడేవాళ్ళూ ఉన్నారు. సాలూరు వైపు గదబల్లో ఆ రెండో భాష కూడా వదిలేసి తెలుగులోకి వచ్చేసినవాళ్ళు చాలామంది.

అందరూ కలిసినవాళ్ళే అయితే ముసలమ్మ ప్రశ్నకి అర్థమేమిటి? అర్థం ఉంది. 2013లో వచ్చిన ఇంకో పరిశోధన ఈ కలయికల కాలాన్ని లెక్కగట్టింది. సుమారు 4,200 ఏళ్ళ కిందటి నుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా జోరుగా కలిశారు. తర్వాత తలుపులు పడ్డాయి. పెళ్ళి ఏ కులానికి ఆ కులంలోనే అయింది. పక్కపక్క ఇళ్ళవాళ్ళు రెండు వేల ఏళ్ళు వియ్యమందకపోతే వాళ్ళ డీఎన్‌ఏలో చిన్న చిన్న తేడాలు పేరుకుంటాయి. బయటినుంచి వచ్చిన "జాతులు" చేసిన తేడాలు కావివి, పెళ్ళి చూపులు చేసినవి.

ఈ తేడాలు ఆస్పత్రిలో బయటపడతాయి. వైశ్యుల్లో కొందరికి ఒక ఎంజైము బాగా తక్కువ. ఆపరేషన్ ముందు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలీన్ అనే మందు మామూలుగా ఆ ఎంజైము వల్ల కొద్ది నిమిషాల్లో విరిగిపోతుంది. వీళ్ళలో గంటలు పట్టొచ్చు, అంతసేపూ ఊపిరి మెషిన్ మీదే. అందుకే మత్తు డాక్టర్ "మీరేవిట్లు?" అని అడిగితే కోపం తెచ్చుకోకూడదు. బస్సులో ముసలమ్మ అడిగిన దానికీ దీనికీ మాట ఒకటే, పని వేరు. గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ అనే రక్త జబ్బుకి పరీక్షలు చేస్తున్నదీ ఈ లెక్కనే. మలేరియా ఉన్న కొండల్లో ఆ జబ్బు తెచ్చే జన్యువు ఒక్క కాపీ ఉంటే ప్రాణం కాస్తుంది, రెండుంటే ప్రాణం తోడేస్తుంది. మన మేనరికాల సంగతి సరేసరి: మేనత్త కొడుకుని చేసుకుంటే పుట్టే బిడ్డ జన్యువుల్లో పదహారో వంతు, మేనమామనే చేసుకుంటే ఎనిమిదో వంతు రెండు వైపుల నుంచీ ఒకే కాపీగా వచ్చే అవకాశం.

2027 జనగణనలో కులం కూడా రాసుకుంటామని కేంద్రం చెప్పింది. మాతృభాష గడి ఎలాగూ ఉంటుంది. కిందటిసారి, 2011లో, ఆ గడి దగ్గర ఏం జరిగిందో కొట్టాయన చెప్పాడు. రాసుకోవడానికి వచ్చిన పంతులమ్మ, చిన్నప్పుడు అమ్మ మీతో ఏ భాష మాట్లాడితే అదే మాతృభాష అని రూలు చదివి వినిపించిందట. "మా యమ్మ ముద్దు సేస్తే తెలుగమ్మా, తిట్టిందంటే ఒడియా" అన్నాడట ఈయన. పంతులమ్మ పెన్ను ఆపి, ఎక్కువగా ఏది చేసేదని అడిగింది. ఈయన కాసేపు ఆలోచించి, ఒడియా రాసుకోమన్నాడు.