చామంతికి చీకటి కావాలి

దసరా వెళ్ళిన మర్నాడు మా పక్కింటి పిన్నిగారు మిద్దె మీదికి పిలిచి రెండు చామంతి కుండీలు చూపించారు. రెండూ ఒకే తల్లి మొక్క పిలకలు, ఒకే మట్టి, ఒకే ఎరువు. నీళ్ళ ట్యాంకు వెనకున్నది కొమ్మకొమ్మకీ పెసరగింజంత మొగ్గలు తొడిగింది. మెట్ల దగ్గరిది నిగనిగలాడుతూ మోకాలెత్తు పెరిగింది గానీ మొగ్గ ఒక్కటీ లేదు. "దిష్టి తగిలిందేమో బాబూ" అని దానికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టారు. దాని నెత్తిన, మెట్ల గది గోడకి రాత్రంతా వెలిగే ఎల్‌ఈడీ బల్బు ఉంది. కారణం అదే.

ఇలాంటి మొక్కల్ని బడిలో షార్ట్ డే ప్లాంట్స్, అంటే పగలు చిన్నదైతే పూసేవి, అని బట్టీ పట్టించారు. 1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే శాస్త్రవేత్తలు పొగాకు మీద పనిచేసి, పగటి పొడవుని బట్టి మొక్క పూస్తుందని తేల్చినప్పటి నుంచీ ఆ మాట నిలిచిపోయింది. కానీ మొక్క కొలిచేది రాత్రిని! 1938లో హామ్నర్, బానర్ అనే మరో ఇద్దరు మన చేలగట్ల మీద కనిపించే మరులమాతంగిని పట్టుకుని, పగలు మధ్యలో చీకటి చేశారు, దానికేమీ పట్టలేదు. రాత్రి మధ్యలో కాసేపు దీపం వేశారు, పూత ఆగిపోయింది. ఇది ముందు చెప్పి, పేరు తర్వాత చెబితే ఏ పిల్లాడూ మర్చిపోడు.

అంత చిన్న బల్బుకి అంత బలమా అంటే, ఎండ ముందు ఆ వెలుతురు లెక్కలోకే రాదు, ఆకు దాంతో వంట వండుకోలేదు. కానీ ఆకులోని ఫైటోక్రోమ్ అనే ప్రోటీన్‌కి కాంతి తిండి కాదు, కబురు. 660 నానోమీటర్ల దగ్గరి ఎర్ర కాంతి తగిలితే చురుకు రూపంలోకి మారుతుంది, 730 దగ్గరి ముదురెరుపు తగిలితే వెనక్కి వస్తుంది, చీకట్లో ఉంచితే నెమ్మదిగా దానంతటదే సద్దుమణుగుతుంది. తెల్ల ఎల్‌ఈడీలో ఎరుపూ ఉంటుంది, అంటే రాత్రంతా ఆకుకి వెలుతురు కబురే. 2013లో జపాన్ పరిశోధకులు ఒక అడవి చామంతిలో ఇంకా లోతుకెళ్ళారు: పూయమని ఆకు పంపే ప్రోటీన్ ఎఫ్‌టీఎల్3, వద్దని పంపేది ఏఎఫ్‌టీ. పొద్దుగూకాక ఇన్ని గంటలకని ఆకులో ఒక తలుపు తెరుచుకుంటుంది, ఆ వేళకి వెలుతురు పడిందా, ఏఎఫ్‌టీ తయారై కొమ్మ చివరికి పోయి మొగ్గని ఆపేస్తుంది. రాత్రి చిన్నదైతే తెల్లవారు వెలుగే ఆ తలుపులో దూరుతుంది. రాత్రి పెద్దదైతే ఈలోపే మూసుకుంటుంది. మెట్ల బల్బు ఉంటే ఎంత పెద్ద రాత్రయినా ఒకటే.

హైదరాబాద్‌లో జూన్‌లో పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలు, డిసెంబర్‌లో 11 గంటల 5 నిమిషాలు. తేడా రెండు గంటలే, అయినా మొక్కలకి తెలిసిపోతుంది. ఆషాఢంలో పెట్టిన పాత రకం పాదు చిక్కుడు కార్తీకం దాకా తీగే సాగడం, గోంగూర ఈ రోజుల్లోనే పూతకి రావడం ఈ లెక్కే.

కాబట్టి ఈ శరత్తులో మెంతి, కొత్తిమీర, ముల్లంగి, క్యారెట్ విత్తనాలు ఎలాగూ చల్లుతారు, కోస్తాలో తుపాను వానలుంటాయి గనక కుండీ అడుగు రంధ్రాలు చూసుకుంటారు. చామంతికి మాత్రం ఇక తలలు తుంచకండి, ఆ పని శ్రావణంతోనే అయిపోవాలి. మొగ్గల మీద పేనుబంక కనిపిస్తే వేపనూనె కొట్టండి. రాత్రి మిద్దె మీదికెళ్ళి, ఏ కుండీ మీద వీధి దీపం పడుతోందో ఒక్కసారి చూడండి. జరపగలిగితే ట్యాంకు వెనక్కి జరపండి. లేదంటే సాయంత్రం ఆరింటికి అట్టపెట్టె బోర్లించి పొద్దున్న ఏడింటికి తీయండి. ఒక్క రాత్రి కూడా మానొద్దు. కొలిచేది ఆకులు గనక మొక్క మొత్తం కప్పాలి. మొగ్గ కనబడటానికి మూడు నాలుగు వారాలు, పువ్వు విచ్చడానికి రకాన్ని బట్టి రెండు నెలలు, ఆ పైన కూడా పట్టొచ్చు.

పిన్నిగారు మిక్సీ వచ్చిన పెట్టె వాడుతున్నారు. ఇవాళ ఇరవై ఆరో రోజు. పై కొమ్మ కొసన, రెండు లేతాకుల మధ్య, ఆవగింజంత ముడి వేలికి తగిలింది.