ఆ ‘నేను’ చెప్పేదంతా నమ్మకండి

ప్రియమైన పిల్లలూ,

మీ చేతుల్లో కనిపించే యంగ్ అడల్ట్ నవలలు, అంటే మీ టీనేజీ వయసు వాళ్ల కోసం రాసేవి, ఈమధ్య నేనూ చదువుతున్నాను. ప్రేమకథలేగా అని పెద్దవాళ్లు తీసిపారేస్తే నాకు మనసొప్పదు. వాటిలో ప్రేమ ఉంటుంది, నిజమే. కానీ ఒకరు మనల్ని ఇష్టపడేసరికి మనకి మనమే కొత్తగా కనబడతామే, ఆ కొత్త మనిషితో ఇంట్లో ఎలా మసలాలి, స్నేహితులకి ఏమని చెప్పాలి? అసలు కథంతా అక్కడుంది.

ఈ నవలలకు దారి వేసినవాటిలో అమెరికా రచయిత్రి ఎస్.ఇ. హింటన్ ‘ది అవుట్‌సైడర్స్’ ఒకటి. 1967లో అచ్చయింది. రాయడం మొదలుపెట్టినప్పుడు ఆమెకి 15 ఏళ్లు. కథ చెప్పేది 14 ఏళ్ల కుర్రాడు, ‘నేను’ అంటూ.

ఇప్పటి నవలల్లోనూ ఎక్కువగా ఆ ‘నేను’ గొంతే వినిపిస్తుంది. పెద్దయ్యాక తీరిగ్గా గుర్తు చేసుకునే గొంతు కాదు, ఇంకా ఆ గొడవలోనే నలుగుతున్న గొంతు. అందుకే మన పక్కన కూర్చుని చెప్తున్నట్టుంటుంది. అందుకే చెప్పిందల్లా నమ్మనూకూడదు. “నా ఫోన్ తీసి చూస్తున్నాడంటే నేనంటే వాడికి అంత ప్రాణం” అని ఒక పిల్ల మురిసిపోతుందనుకోండి. నాలుగు పేజీలు తిరగేసరికి ఫోన్ మోగితే ఉలిక్కిపడుతుంది. అక్కకి మెసేజ్ పెట్టి వెంటనే చెరిపేస్తుంది. ఇది తప్పు అని రచయిత ఎక్కడా రాయరు. ఆ పిల్లకి ఇంకా తెలియనిది మీకు తెలిసిపోతుంది. మంచి రచయిత పనితనం అదే.

అసూయనే ప్రేమగా చూపించి మురిసిపోయే పుస్తకాలూ ఉన్నాయి. చివరి పేజీకి వచ్చేసరికి ఆ అమ్మాయికి స్నేహితులు మిగిలారా, తనకిష్టమైన పని మిగిలిందా చూడండి. నేను అలాగే తేల్చుకుంటాను.

ఎలిజబెత్ అసెవెడో ‘ది పొయెట్ ఎక్స్’ 2018లో వచ్చింది. నవలంతా కవితల్లోనే. కథ చెప్పే అమ్మాయి సియోమారా, అమ్మతో చెప్పుకోలేనివన్నీ నోటుబుక్కులో రాసుకుంటుంది. ఒకరోజు తల్లి దాన్ని తగలబెట్టేస్తుంది. ఆవిడ మీద నాకెంత కోపం వచ్చిందో! కానీ సన్యాసిని కావాలనుకుని, ఇష్టంలేని పెళ్లితో దేశం దాటిన మనిషి ఆవిడ. అది కూడా కూతురి గొంతులోనే మనకి తెలుస్తుంది. ఆ పుస్తకం మీ అమ్మానాన్నల చేత కూడా చదివించండి.

అబ్బాయి అబ్బాయిని ప్రేమించిన కథో, ఏ గుంపులోనూ ఇమడలేని పిల్ల కథో చదువుతుంటే ‘ఇది నా సంగతే’ అని మీలో ఎవరికైనా అనిపించవచ్చు. కంగారుపడకండి. మీకు మీరు ఇప్పుడే ఒక పేరు పెట్టుకోవాలనేం లేదు. చెప్పాలనిపిస్తే నాతో చెప్పండి, నా దగ్గరే ఉంటుంది.

ఈసారి ఫోన్ చేసినప్పుడు హీరో నచ్చాడా అని అడగను. ఏ పేజీ దగ్గర ఆ ‘నేను’ మాట నమ్మబుద్ధి కాలేదో చెప్పండి.

ప్రేమతో,
మీ అమ్మమ్మ