గుయ్‌మనే బేస్ గిటార్: కాయిల్ నుంచి ఎర్త్ గుంట దాకా

అనంతపురంలో పెళ్లి రిసెప్షన్‌కో, వినాయక చవితి పందిరికో ఆర్కెస్ట్రా వచ్చినప్పుడు, పాట మొదలయ్యే ముందు ఒక్క నిమిషం చెవిపెట్టి వినండి. ఎవరూ తీగ మీటకుండానే స్పీకర్లలో గుయ్‌మని మోత. చాలాసార్లు అది బేస్ గిటార్ లైనులోదే. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగేది, అంటే 50 హెర్ట్జ్‌ది కాబట్టి మోత 50 దగ్గర, 100 దగ్గర వస్తుంది. బేస్‌కు ఉండే ఇ, ఎ, డి, జి తీగల్లో జి తీగను ఏ ఫ్రెట్టూ (మెడ మీది అడ్డ పట్టీ) నొక్కకుండా మీటితే పలికేది 98 హెర్ట్జ్. ఇ తీగ మూడో ఫ్రెట్ మీద 49. మోత స్వరానికి ఇంత దగ్గరగా ఉన్నప్పుడు మిక్సర్‌లో దాన్ని తగ్గిస్తే బేస్ కూడా పలచబడిపోతుంది.

ఈ బాధ వాయిద్యంతో పాటే పుట్టింది. 1951లో లియో ఫెండర్ కంపెనీ తెచ్చిన ప్రెసిషన్ బేస్‌లో ఉన్నది ఒకటే కాయిల్. అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగను వేల చుట్లు చుడితే అదే పికప్. పైన స్టీలు తీగ కదిలితే అందులో కరెంటు పుడుతుంది. పక్కన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నా పుడుతుంది. ఏది పాటో ఏది మోతో కాయిల్‌కు తెలియదు.

1955లో గిబ్సన్ కంపెనీలో పనిచేసే సెత్ లవర్ రెండు కాయిళ్ల పికప్‌కు పేటెంటు దరఖాస్తు పెట్టాడు. ఒకదాన్ని రెండోదానికి ఎదురుగా కలిపి, దాని అయస్కాంతాన్ని కూడా తిప్పి పెడితే, బయటి మోత ఒకదానిలో పైకి, రెండోదానిలో కిందికి వచ్చి కొట్టుకుపోతుంది. తీగ శబ్దం మాత్రం నిలుస్తుంది. 1957లో ఫెండర్ కూడా పికప్‌ను రెండు ముక్కలు చేసి ఇ, ఎ తీగల కింద ఒకటి, డి, జి తీగల కింద ఒకటి పెట్టింది. ఇంత తక్కువ సామానుతో ఇంత పెద్ద ఇబ్బంది తీర్చిన పని సంగీత వాయిద్యాల్లో అరుదని నా నమ్మకం.

1960లో ఫెండర్ తెచ్చిన జాజ్ బేస్ మోడల్‌లో మళ్లీ విడి కాయిళ్లే, రెండు. రెండు వాల్యూములూ పూర్తిగా తెరిస్తే మోత పోతుంది, ఒకటి తగ్గించగానే తిరిగొస్తుంది. మన దగ్గర చాలామంది వాయించేవి ఈ మోడల్‌ను చూసి చేసినవే. ఆ సంగతి తెలియక వైరింగంతా మార్పించి డబ్బు పోగొట్టుకున్నవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ.

తీగల మీద చెయ్యి పెట్టగానే తగ్గే జుయ్ మాత్రం వేరే రకం. సీరియల్ బల్బులు, డిమ్మర్లు, ట్యూబ్‌లైట్లు తెచ్చిపెట్టేది అది. 1836లో మైకేల్ ఫారడే లోహపు గది కట్టి చూపించిన సూత్రమే దానికి మందు. పికప్, కంట్రోళ్లు ఉండే గుంతల లోపల రాగి రేకు అతికించి, దాన్ని గ్రౌండ్ వైరుకు సోల్డర్ చేయాలి. గిటార్ పట్టుకుని పక్కకు తిరిగితే మోత మారుతోందా? అది కాయిల్‌ది. రాగి రేకు దాన్ని ఆపలేదు.

గిటార్ వాల్యూమ్ పూర్తిగా మూసినా మోత వస్తోందంటే దారి వేరు. గిటార్ శబ్దాన్ని పెంచే ఆంప్ ఒక ప్లగ్గు బోర్డు నుంచి, మిక్సర్ ఇంకో బోర్డు నుంచి కరెంటు తీసుకుంటాయి. మధ్యలో ఆడియో కేబుల్ ఆ రెండు ఎర్త్‌లనూ కలుపుతుంది. మనది వాన తక్కువ జిల్లా. బొగ్గు, ఉప్పు వేసిన ఎర్త్ గుంటలో ఎండాకాలం నీళ్లు పోయకపోతే మట్టి ఎండి ఎర్త్ బలహీనపడుతుంది. రెండు ఎర్త్‌ల మధ్య తేడా వస్తే ఆ కేబుల్ గుండా కరెంటు పారి మోత పుడుతుంది.

దానికి త్రీ పిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేసేవాళ్లు ఉన్నారు. మోత ఆగుతుంది, ప్రాణానికి అడ్డు కూడా పోతుంది. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో, స్టోన్ ద క్రోస్ బృందం గిటారిస్టు లెస్లీ హార్వే ఎర్త్ లేని మైకు పట్టుకుని వేదిక మీదే షాక్ కొట్టి చనిపోయాడు. ముందు ఆంప్‌నూ మిక్సర్‌నూ ఒకే బోర్డుకు పెట్టి చూడండి. అప్పటికీ పోకపోతే, గిటార్ లైనును మిక్సర్‌కు కలిపే డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ అనే చిన్న స్విచ్ ఉంటుంది. అది తెంపేది ఆడియో కేబుల్ గ్రౌండ్‌నే. ప్లగ్గులో మూడో పిన్ను అలాగే ఉంటుంది.