తాతల నాటి గడ్డం కత్తి: అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో మా సెలూన్‌లో గడ్డాలన్నీ సగం బ్లేడు పెట్టే ఉస్తరాతోనే చేస్తాం. ఈ మధ్య మాత్రం ఇంట్లో పాత పెట్టె సర్దుతుంటే దొరికిందని మడత కత్తులు తెచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. "అన్నా, ఇది మా తాతది. జర పదును పెట్టియ్యి, ఇంట్ల నేనే గీసుకుంట" అంటారు. కత్తి కంటే ముందు కొన్ని నమ్మకాలకు సాన పట్టాల్సి వస్తోంది.

అపోహ: పదును ఎక్కువైతే తెగుతుంది, కొంచెం మొద్దుగా ఉంటేనే నయం.

వాస్తవం: మొద్దు కత్తి వెంట్రుకను కోయదు, లాగుతుంది. దాంతో మనకు తెలియకుండానే చెయ్యి ఒత్తుతుంది, రక్తం వస్తుంది. పదునున్న కత్తికి దాని బరువే చాలు. కత్తి పక్కకు జారితే మాత్రం ఎంత తేలిగ్గా పట్టినా కోసేస్తుంది.

అపోహ: జంగు పట్టింది, ఇక పనికిరాదు. లేదంటే, బజార్లో సాన పట్టిస్తే సరిపోతుంది.

వాస్తవం: జంగు ఎక్కడ పట్టిందో చూడాలి. కత్తి వీపు (అంచుకు ఎదురుగా ఉండే మందపాటి వైపు) మీద మచ్చలుంటే చూడ్డానికే బాగోదు, పనికి అడ్డం కాదు. అంచులో గుంటలు పడితే అవి పోయేదాకా అరగదీయాలి, ఒక్కోసారి కత్తే మిగలదు. లైటు కింద అంచును మీకు ఎదురుగా పట్టుకోండి. పదునున్న చోట మెరుపు కనిపించదు. తెల్లటి చుక్క మెరిసిందంటే అక్కడ మొద్దుబారింది, లేదా పెచ్చు ఊడింది.

సైకిల్ మీద సాన చక్రం తిప్పుతూ వచ్చేవాళ్లకు దీన్ని ఇవ్వకండి. కూరగాయల కత్తికి వాళ్ల పని భేషుగ్గా ఉంటుంది. ఈ కత్తి మాత్రం అంచు దగ్గర కాగితమంత పలుచన. పొడి చక్రం మీద వేడెక్కి నీలం తిరిగితే ఉక్కు మెత్తబడ్డట్టే, ఆ తర్వాత పదును నిలవదు. నీళ్ల రాయి మీద వీపూ అంచూ రెండూ ఆనించి నూరితే కోణం దానంతటదే కుదురుతుంది. వీపు మందంగా చేసింది అందుకే. రాయి నంబరు పెరిగేకొద్దీ నునుపు పెరుగుతుంది; వెయ్యి నంబరు రాయితో మొదలుపెట్టి నాలుగు వేలు, ఎనిమిది వేలకు వెళ్తాం.

పిడి కూడా చూడండి. పాత వాటిలో కొన్ని సెల్యులాయిడ్ అనే పాతకాలం ప్లాస్టిక్‌వి. అది పాడైతే దాన్నుంచి వచ్చే ఆవిరే ఉక్కును తినేస్తుంది. పిడిలోకి మడిచే భాగంలోనే జంగు దట్టంగా ఉంటే అనుమానించాలి, పిడి మార్పించాలి. దాన్ని మంట దగ్గరికి అస్సలు తీసుకెళ్లకండి, భగ్గుమంటుంది.

అపోహ: జర్మనీ ముద్ర ఉంటే బంగారమే.

వాస్తవం: జర్మనీలోని జోలింగెన్ ఊరి కత్తులకు పేరుంది, నిజమే. ఆ పేరును కాపాడటానికి జర్మనీలో 1938లో చట్టమే చేశారు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ సరుకూ తక్కువది కాదు. కానీ ముద్ర గడ్డం గీయదు, గీసేది అంచు.

అపోహ: రోజూ రాయి మీద నూరాలి.

వాస్తవం: రాయి కొన్ని నెలలకోసారి చాలు. రోజూ కావాల్సింది తోలు పట్టా. పట్టాను బిగువుగా లాగి పట్టుకుని, వీపు ముందు, అంచు వెనుక వచ్చేలా యాభై అరవై సార్లు నడపాలి. చివర్లో కత్తిని వీపు మీదే తిప్పాలి. అంచు మీద తిప్పితే కత్తీ పాడవుతుంది, పట్టా కూడా తెగుతుంది. నేర్చుకునేవాళ్లలో చాలామంది చెంప మీద పడే కష్టం నిజానికి ఈ పట్టా దగ్గర మొదలైందే.

అపోహ: మొదటి రోజే గడ్డమంతా గీయాలి.

వాస్తవం: మొదట చెంపలు చాలు, మిగతాది మామూలు రేజర్‌తో కానివ్వండి. వేడి నీళ్లతో బాగా తడిపి, చర్మాన్ని బిగలాగి, కత్తిని చర్మానికి సుమారు 30 డిగ్రీల వంపులో పట్టి, వెంట్రుకల వాలుకు గీయాలి. గదుమ, పై పెదవి చివరికి నేర్చుకునేవి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ముందు డాక్టర్‌ను అడగండి.

గీస్తే గడ్డం దట్టంగా వస్తుందా? రాదు. అమెరికాలో మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త 1928లోనే కొలిచి చూపించారు.

అపోహ: డెట్టాల్ నీళ్లలో ముంచితే ఇంట్లో అందరూ ఒకే కత్తి వాడొచ్చు.

వాస్తవం: వద్దే వద్దు. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కూడా కనీసం 7 రోజులు బతుకుతుంది. సెలూన్లలో మనిషికో కొత్త బ్లేడు వాడాల్సింది అందుకే. అన్నదమ్ములిద్దరికీ కత్తి మీద మోజుంటే రెండు కొనుక్కోండి.

వానాకాలంలో గీయడం అయ్యాక బాగా తుడిచి, కుట్టుమిషన్ నూనె ఒక చుక్క రాసి బీరువాలో పెట్టండి. బాత్రూంలో వదిలేస్తే తెల్లారేసరికి జంగు మొదలవుతుంది.