సజ్జ మీది సీఎఫ్ఎల్ పెట్టె

మా వంటింటి సజ్జ మీద మిక్సీ వచ్చిన అట్టపెట్టె ఒకటుంది. దాన్నిండా మాడిపోయిన సీఎఫ్ఎల్ బల్బులే. హన్మకొండలో రెండు ఇళ్లు మారాం, రెండుసార్లూ అది మా వెంటే వచ్చింది. చెత్త ఆటోలో వేయడానికి మనసొప్పదు, పాత సామాన్లవాళ్లు ముట్టుకోరు. ఈ పెట్టె కథ చెప్పాలంటే గుండు బల్బు దగ్గర మొదలుపెట్టాలి.

అరవై క్యాండిల్ బల్బు రోజుల్లో మాడిపోవడం అనేది మామూలు సంగతి. సాయంత్రం లో వోల్టేజీతో పండు నిమ్మకాయలా వెలిగేది. రాత్రి పొలాల్లో మోటార్లు బంద్ కాగానే వోల్టేజీ ఎగదన్ని టప్పున పోయేది. అంతమాత్రాన దాన్ని పారేసేవాళ్లు కాదు. మూత అడుగున ఉన్న నల్లటి గాజును మేకుతో పొడిచి, లోపలి తీగెలు లాగేసి, కిరోసిన్ పోసి వత్తి పెడితే బుడ్డి దీపం తయారు. కరెంటు పోయినప్పుడు వెలిగేది ఆ పోయిన కరెంటు బల్బే! పిల్లలమైతే అందులో నీళ్లు పోసేవాళ్లం. వాకిట్లో ఒకడు అద్దంతో ఎండను ఇంట్లోకి కొడితే, చీకటి గదిలో ఇంకొకడు నీళ్ల బల్బు ముందు ఫిల్ము ముక్క పట్టుకునేవాడు. గోడ మీద హీరో ప్రత్యక్షం. ఫిల్ము తిరగేసి పట్టాలి, లేకపోతే హీరో తలకిందులే.

అలా పనికిరానివి పాడుబడ్డ బావిలో పడేవి. పెంటకుప్ప మీద వేస్తే మాత్రం చీవాట్లు తప్పేవి కావు. ఆ ఎరువు పొలానికి పోతుంది, నాట్లేసేవాళ్ల కాళ్లు తెగుతాయి. గాజు, టంగ్‌స్టన్ తీగె, రేకు మూత, టంకంలో కాస్త సీసం. గుచ్చుకుంటుందన్న భయమే తప్ప దానిలో వేరే గుట్టేమీ లేదు.

గుట్టు మొదలైంది ట్యూబ్‌లైట్‌తో. గొట్టంలోని పాదరసం ఆవిరి కంటికి కనపడని కిరణాలు వదులుతుంది, గాజు లోపల పూసిన తెల్లపొడి వాటిని వెలుతురుగా మారుస్తుంది. పాదరసం లేనిదే ఆ వెలుగు లేదు. గణపతి పందిళ్లకు, పెళ్లిళ్లకు కట్టిన ట్యూబులు పాడైతే చోక్‌లో రాగి ఉంటుంది కాబట్టి దానికి గిరాకీ. గొట్టం మాత్రం గోడ వెనక్కి.

సీఎఫ్ఎల్ ఆ గొట్టాన్నే మెలితిప్పి గుండు బల్బు హోల్డర్‌లోకి తెచ్చింది. ఒక్కోదానిలో 3 నుంచి 5 మిల్లీగ్రాముల పాదరసం. పాతకాలం జ్వరం థర్మామీటర్‌లో 500 దాకా ఉండేదని తలచుకుంటే ఇది తక్కువే, కానీ థర్మామీటర్ ఇంటికి ఒకటి, బల్బు గదికొకటి. 2009లో కేంద్రం బచత్ ల్యాంప్ యోజన తెచ్చింది. పాత గుండు బల్బు ఇస్తే 15 రూపాయలకే సీఎఫ్ఎల్. మిగతా ఖర్చు కార్బన్ క్రెడిట్ల (కరెంటు ఆదాతో కాలుష్యం తగ్గించినందుకు దక్కే, అమ్ముకోగలిగే పత్రాల) అమ్మకం నుంచి రాబట్టుకోవాలన్నది ప్లాన్. అందుకే వెనక్కి తీసుకున్న గుండు బల్బులను లెక్కపెట్టి మరీ పగలగొట్టాల్సి వచ్చింది, లేకపోతే క్రెడిట్లు రావు. నాకు ఇప్పటికీ నవ్వొచ్చేది ఇక్కడే. విషం లేనిదానికి పక్కా లెక్క, పాదరసం ఉన్నదానికి ఇంత హడావిడి లేదు. 2012 మే నుంచి అమల్లోకి వచ్చిన మొదటి ఈ-వ్యర్థాల రూల్స్‌లో టీవీలు, ఫ్రిజ్‌లు ఉన్నాయి గానీ బల్బుల ఊసే లేదు.

అదే ఏడాది అక్టోబరులో వరంగల్‌లో క్లీన్ సిటీస్ ఛాంపియన్‌షిప్ అనే పారిశుద్ధ్య పోటీ జరిగింది. ఇంటింటికీ తిరిగి తడి చెత్త, పొడి చెత్త వేరుగా తీసుకోవడం అప్పుడు జనానికి అలవాటైంది. మంచి అలవాటే. చిక్కల్లా మాడిన సీఎఫ్ఎల్ తడి కాదు. పొడి అనుకుని వేస్తే బండిలోనే పగులుతుంది, ఆ పొడి పీల్చేది చెత్త ఏరే మనుషులు. మిగిలింది మడికొండ దగ్గరి రాంపూర్ డంపింగ్ యార్డుకు.

బల్బుల పేరు రూల్స్‌లోకి ఎక్కింది 2016లో. ఈ-వ్యర్థాల జాబితాలో పాదరసం బల్బులు చేరాయి, వాటిని వెనక్కి తీసుకోవాల్సిన బాధ్యత తయారీ కంపెనీల మీద పడింది. అదే ఏడాది వచ్చిన ఘన వ్యర్థాల రూల్స్ అయితే సీఎఫ్ఎల్, ట్యూబ్‌లైట్లను ఇంట్లో వచ్చే ప్రమాదకర చెత్త అన్నాయి. పట్టణాల్లో ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక సేకరణ కేంద్రం పెట్టాలన్నాయి. గ్రేటర్ వరంగల్ విస్తీర్ణం సుమారు 407 చదరపు కిలోమీటర్లు, ఆ లెక్కన ఇరవైకి పైనే కావాలి.

ఇంట్లో పగిలితే ఏం చేయాలో కూడా చెప్పేస్తాను. చీపురు పట్టొద్దు, వాక్యూమ్ అసలే వద్దు. కిటికీలు తెరిచి, ఫ్యాన్ ఆపి, పది పదిహేను నిమిషాలు బయటికి వెళ్లండి. తర్వాత గట్టి అట్టముక్కతో ఎత్తి, నలుసుల్ని టేపుతో అద్ది, మూతున్న సీసాలో వేయండి.

ఈలోపు 2015 జనవరిలో, చవగ్గా ఎల్ఈడీ బల్బులు పంచే కేంద్రం పథకం ఉజాలా మొదలైంది. 2014లో ప్రభుత్వ సంస్థ 310 రూపాయలకు కొన్న ఎల్ఈడీ బల్బు 2016 నాటికి 38 రూపాయలకు దిగింది. దేశమంతా 36 కోట్లకు పైగా పంచారు. పాదరసంపై మినమాటా ఒప్పందాన్ని భారత్ 2018లో ఆమోదించింది, సీఎఫ్ఎల్‌ల తయారీకి ఆ ఒప్పందం పెట్టిన గడువు 2025. దుకాణాల్లో అవి అంతకుముందే మాయమయ్యాయి. మిగిలినవి నాలాంటి వాళ్ల సజ్జల మీదే.

ఎల్ఈడీలో పాదరసం లేదు. పైన ప్లాస్టిక్ బుర్ర, లోపల అల్యూమినియం పలక, చిన్న సర్క్యూట్. గుండు బల్బు తర్వాత మళ్లీ చెయ్యి పెట్టగలిగే బల్బు ఇదే. మా వీధి చివర బండి మీద రిపేరు చేసే అబ్బాయి బుర్ర ఊడదీసి, వరసగా ఉన్న పసుపు చుక్కల్లో నల్లమచ్చ పడ్డదాన్ని వెతుకుతాడు. అన్నీ ఒకే దారంలో ఉంటాయి కనుక ఒకటి పోతే మొత్తం పోతుంది. దాని మీద టంకం చుక్క పెట్టి కలిపేస్తాడు, బల్బు వెలుగుతుంది. మిగతావాటి మీద లోడు పెరిగి ఎక్కువ రోజులు ఆగదని ఆయనే ముందు చెప్తాడు. బాగుకానివాటి అల్యూమినియం పలకలు కిందున్న గోనెసంచిలో పడతాయి, కిలోల్లెక్కన అమ్ముకుంటాడు.

ఓసారి మా సీఎఫ్ఎల్ పెట్టె తీసుకెళ్లి చూపించాను. మూత తెరిచి చూసి, మళ్లీ మూసి నా చేతిలో పెట్టాడు. "ఇవి మనకొద్దన్నా, పగిలితే కష్టం" అన్నాడు.